ఇనుపవలయము

ఫిలిప్పీనుల పల్లెలో కొబ్బరిమ్రానికి మేకులతో బిగించిన పలక, దానికొక త్రుప్పుపట్టిన ఇనుపవలయము, క్రింద రబ్బరు చెప్పులతోనే ఎగిరెగిరి బంతి వేయు బాలురు: ఈ దృశ్యమును తలచినప్పుడెల్ల, ఆ శూన్యవలయమునుండి ఒక మనుష్యుని జీవితము నాకు గోచరించుచుండును.

ఆ మనుష్యుడు రాబర్ట్ జవోర్‌స్కీ; 1946లో బగియో నగరమున జనించెను. 1971లో బాస్కెట్‌బాల్ ఆటమధ్యమున రిఫరీలపై చేయిచేసికొని ఆజీవన బహిష్కారమునకు గురియైన ఆతడే, 1973లో దేశపుజట్టునకు అక్కఱ కలుగగా మరల పిలువబడి, మనీలాలో ఆసియా విజేతలైనవారిలో ఒకడయ్యెను. ఆజీవనమను మాటకు రెండేండ్లే ఆయువు గాబోలునని నవ్వుకొందును.

1975లో వృత్తిక్రీడాసంఘ మేర్పడగా మొదట టొయోటా జట్టునను, పిదప హినెబ్రా జట్టునను ఆడెను. 1985లో ఒకనాడు ప్రత్యర్థి మోచేతిపోటునకు పెదవి చిట్లగా, ఆసుపత్రికేగి, తొమ్మిది కుట్లు వేయించుకొని, ఇంటికి పోవలసినవాడు తిన్నగా ఆటస్థలమునకే మరలివచ్చెను. ఆతని రాకతో క్రీడాభవనము దద్దరిల్లగా, వెనుకబడియున్న జట్టు లేచి గెలిచెను. ఆతనికంటె సొగసుగా బంతి వేయువారు ఆ కాలమున లేకపోలేదు. అయినను బీదజను లీతనినే ఏల తమవానిగా వరించిరి? కుట్లుపడిన పెదవిలో తమ దినచర్యయే వారికి కనబడెనేమో!

ఏబదియేండ్లు దాటియు ఆడుచు, శిక్షకుడుగా జట్టును నడుపుచు, 1998లో సెనేటరుగా ఎన్నికయ్యెను. ఆతని 7వ సంఖ్య చొక్కాను హినెబ్రా జట్టు మఱియొకరికి ఈయకుండ విరమింపజేసినది.