తోలు కుట్టే మిషను కొనడానికి వెళ్ళినప్పుడు



పోయిన నెల మేము సికింద్రాబాద్ వెళ్ళి ఒక కుట్టు మిషను కొనుక్కొచ్చాం. మాకు కాదు, మా సంఘంలోని ఒక తమ్ముడికి. అతడు మద్రాసులో క్రోంపేట వైపు తోలు కోట్లు కుట్టే కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాడు. (ఆ పేటకు ఆ పేరు రావడమే అక్కడ ఉండిన క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్ల.) 2020 లాక్‌డౌన్‌లో గార్లకు వచ్చాడు. అదే ఏడాది తండ్రి ప్రభువునందు నిద్రించాడు. తల్లిని ఒంటరిగా వదిలి మళ్ళీ వెళ్ళలేక మిర్చి తోటల్లో కూలికి పోతూ ఉండిపోయాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో తెలిసిన దుకాణం వాళ్ళు కత్తిరించిన ముక్కలు పంపిస్తామని, కోటుకింత అని కుట్టుకూలి ఇస్తామని అన్నారు. మిషను మాత్రం తనే పెట్టుకోవాలి.

"మన గార్ల ఎండలకు తోలు కోటు ఎవడు తొడుగుతడు అయ్యగారూ?" అని ఒక పెద్దాయన నవ్వాడు. తొడిగేది బైకుల మీద దూరాలు తిరిగే పట్నం పిల్లలు, కుట్టేది మనవాడు అని చెప్పాం.

డబ్బు 40,000. అందులో సగం తల్లి చెవి కమ్మలు కుదువ పెడితే వచ్చింది. మిగతా సగం మా స్త్రీల పొదుపు నుండి అప్పు. ఆ పొదుపులో ఏ పది రూపాయలు ఎవరి కూలిలోనివో మాకు తెలుసు. అందుకే, కుట్టు పని ఏమీ రాకపోయినా మేమూ రైలెక్కాం.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. అతడు లాక్‌డౌన్‌లో వచ్చినప్పుడు మేమే అన్నాం, "దేవుడు నిన్ను ఆ తోలు కంపులో నుండి బయటికి తెచ్చాడు, మళ్ళీ దాని జోలికి పోకు" అని. అదీ ఆరాధన అయ్యాక, పదిమంది ముందు. మా పక్క స్టేషను డోర్నకల్. 1912లో అజరయ్య గారు బిషప్ అయిన డయాసిస్ అది. ఆ సంఘాల్లోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారే. మా తాతగారు లందలో తంగేడు చెక్క వేసి తోళ్ళు నానబెట్టినవారే. ఆరె, రంపె మా ఇంటి చూరులో ఉండేవి. చదువుకుని, సెమినరీకి వెళ్ళి, తెల్ల అంగీ వేసుకున్నాక, ఆ చూరు కింద నుండి వచ్చామని చెప్పుకోవడానికి మాకే సిగ్గు. ఆ సిగ్గునే దేవుని మాట అన్నట్టు ఆ పిల్లవాడికి చెప్పాం. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. పేతురు ఆ దర్శనం చూసింది యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దె మీదనే అన్న సంగతి దగ్గర మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

సరే, మిషను సంగతికి వద్దాం. ముందు అతడు మా ఇంట్లో మా శ్రీమతి తొక్కే నల్ల మిషను మీద ప్రయత్నించాడు. మూడు సూదులు విరిగాయి. రెండు పొరల దాకా ఎలాగో పోయింది, కాలరు దగ్గర ఆగిపోయింది. కోటు తోలు 0.8 మి.మీ. అంటే పల్చనే, కానీ మడతలన్నీ కలిసే చోట ఆరు పొరలైతే దాదాపు 5 మి.మీ. అవుతుంది. పైగా తోలు బట్టలా జారదు. కింది పొరను పళ్ళు లాగుతుంటే పై పొర ఇనుప పాదానికి అతుక్కుని వెనకబడుతుంది. చివరికి రెండు అంచులు కలవవు.

సికింద్రాబాద్ దుకాణంలో పెద్ద మిషను చూపించారు. వాకింగ్ ఫుట్ అంటారు. దాని పాదం కూడా నడుస్తుంది, సూదితో పాటు పై పొరను లాక్కుపోతుంది. బెల్టులు, గుర్రపు జీను కూడా కుట్టొచ్చన్నారు. ధర 68,000. మిగతాది వాయిదాల్లో కట్టమన్నారు. నిజం చెప్పొద్దూ, మాకు దాని మీదే మనసైంది. బరువుగా ఉంటే గట్టిదని అనుకున్నాం. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "జీను నేనెప్పుడు కుడతనయ్యగారూ? దీని పాదం పళ్ళు మెత్తటి గొర్రె తోలు మీద పడితే గాట్లు పడతయ్" అన్నాడు. సంచి విప్పి వెంట తెచ్చుకున్న ముక్కలు బల్ల మీద పెట్టాడు.

అతడు అడిగింది మామూలు జుకి రకమే, కానీ మందపు గుడ్డకు చేసినది. మోకాలితో నొక్కితే పాదం 13 మి.మీ. లేస్తుంది. పాదం మార్చి టెఫ్లాన్‌ది వేయించాడు, చిన్న చక్రం ఉన్నది ఇంకొకటి అడిగాడు, పై పొర అతుక్కోకుండా. తోలు సూది వేరు. మొన గుండ్రంగా కాక చిన్న కత్తిలా ఉంటుంది. 16, 18 నెంబర్లు తీసుకున్నాడు. నూలు దారం వద్దు, తోలులోని రసాయనాలకు కుళ్ళుతుంది, నైలాన్ ఇవ్వండన్నాడు. ఆరు పొరల మీద సూది దించి, చక్రం చేత్తో తిప్పకుండా కాలితోనే మెల్లగా బయలుదేరుతుందో లేదో చూశాడు. బయలుదేరింది.

దుకాణం కుర్రవాడు తనూ ఒక ముక్క కుట్టి చూపించాడు, వంకర పోయింది. "విప్పేసి మళ్ళీ కుడతా" అన్నాడు. తమ్ముడు ఆ ముక్క తీసుకుని వెలుతురుకు ఎత్తి మాకు చూపించాడు. దారం తీసేసినా వరుసగా రంధ్రాలు ఉండిపోయాయి. బట్ట అయితే రెండు ఉతుకుల్లో కలిసిపోతుంది, తోలులో సూది దిగిన చోటు ఎప్పటికీ అంతే. కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే స్టాంపు కాగితంలా చిరుగుతుంది కూడా, అందుకే 3 నుండి 4 మి.మీ. ఎడం పెడతారట.

అప్పుడు మాకు 2020 నాటి మా మాట గుర్తొచ్చింది.

మోటారు దగ్గర కాసేపు తర్జనభర్జన. క్లచ్ మోటారు మొరటుది, చవక, కానీ స్విచ్ వేసినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, మెల్లగా నడపడం కష్టం. సర్వో మోటారు తొక్కితేనే తిరుగుతుంది, కుట్టు కుట్టుగా నడపొచ్చు. కాకపోతే లోపల కార్డు ఉంటుంది, మన ఊరి వోల్టేజీకి కాలిపోతుందేమోనని భయం. చివరికి సర్వోనే తీసుకున్నాం. తోలులో తొందర పనికిరాదు. బల్ల, మోటారు అన్నీ కలిపి 34,000 అయింది. మిగిలింది సూదులకు, దారానికి, ట్రాలీ ఆటోకు. పొదుపు వాళ్ళకు లెక్క కాగితం మీద రాసి ఇచ్చాం.

తిరుగు రైల్లో దాదాపు 30 కిలోల మిషను హెడ్ కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాం. ఆదికాండము మూడో అధ్యాయం తీశాం. అంజూరపు ఆకులు కుట్టుకున్నది మనుషులు, అది 7వ వచనం. 21వ వచనంలో తోలు వస్త్రాలు చేసి తొడిగినవాడు దేవుడే. ఏదెను విడిచి పోతున్నవారికి ఆయన ఇచ్చిన బట్టలవి. అది అతనికి చదివి వినిపించి, "ఆ రోజు నిన్ను అలా అనకూడదు, క్షమించు తమ్ముడూ" అన్నాం. అతడు చాలాసేపు కిటికీలోంచి చూశాడు. "అప్పుడు నాకు కూడా సిగ్గుగనే ఉండె అయ్యగారూ, మీరు అన్నదానికి కాదు, నాకే" అన్నాడు. కాజీపేట దాటాక టీ తెచ్చి ఇచ్చాడు.

మొదటి వాయిదా 1,500 రూపాయలు ఈ ఆదివారం పొదుపుకు కట్టాడు. స్టెబిలైజరు ఇంకా కొనలేదు. కొనేదాకా సాయంత్రం వోల్టేజీ పడిపోయే వేళ కుట్టొద్దని చెప్పాం. రాత్రి కూడిక ముగించుకుని వస్తుంటే వాళ్ళ ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది, సూది చప్పుడు వినిపిస్తూనే ఉంది.