గవాక్షము లేని గది

ఈ ఉదయము మాదాపూర్‌లోని మా అపార్టుమెంటు సెల్లారునకు కారు కొఱకు దిగినవాఁడను, వాచ్‌మన్ భార్య "ఫ్యాను తిరుగుతాంది గానీ తడి పోతలేదు సార్" అనఁగా, వారి స్నానపుగదిలోనికి తొంగిచూచితిని.

గోడలపై నల్లని బూజు. ఆరవేసిన బట్టలకు ముక్కిన వాసన.

స్టూలెక్కి చూతును గదా, ఎగ్జాస్టు ఫ్యానుకు తగిలించిన గొట్టము రెండడుగులు పోయి, బయటి గోడను దాటక, అటక మీఁది చీఁకటిలోనే ఆగిపోయినది!
ఆవిరి వెడలిపోలేదు, నివాసము మాత్రమే మార్చుకొన్నది.

మధ్యాహ్నము కోర్ కటింగు పనివాఁడు వచ్చి, సెల్లారు గోడకు అవతల చాలవఱకు మట్టియే కావున, నేలమట్టమునకు పైన మిగిలిన అడుగున్నరలోనే, నీళ్లు పోయుచు వజ్రపుఁబళ్ల బిట్టుతో ఐదంగుళముల రంధ్రము తొలిచి, నాలుగంగుళముల పీవీసీ గొట్టమును, లోపల చేరిన తేమ వెనుకకుఁ గారకుండ బయటివైపు కొంచెము వాలుగా నిలిపి, పావురములు దూరకుండ జాలీ బిగించెను.
తలుపు క్రింద అంగుళము సందు విడువుమనియుఁ జెప్పెను. గాలి లోనికి రానిదే బయటి కెట్లు పోవును?

1998లో సైబర్ టవర్స్ వెలసిన నాఁటినుండి ఈ చుట్టుప్రక్కల నెన్నియో మేడలు లేచినవి. పై అంతస్తుల మాకు బాల్కనీలు, విశాలాకాశము. మమ్ముఁ గాచువారికి జానెడు గవాక్షమైన దొరకలేదు. ఇన్నేండ్లు ఆ ఫ్యాను చప్పుడు విని, అంతయు సవ్యమనుకొన్నవారిలో నేనొకఁడను.

మీ సెల్లారులోని ఫ్యాను గాలి యెచ్చటికిఁ బోవుచున్నదో ఒక్కసారి స్టూలెక్కి చూడుఁడు.
చూచినది క్రింద వ్రాయుఁడు.