హంటింగ్టన్‌లో ఒక రోజు

అమెరికా వెళ్ళివచ్చినవారు నయాగరా జలపాతాన్ని గూర్చి, న్యూయార్కు మేడలను గూర్చి వ్రాస్తుంటారు. మేమూ అవి చూచాము. కాని మా మనస్సులో నిలిచిపోయినది వేరొక చోటు. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, ఓహైయో నది ఒడ్డున ఉన్న హంటింగ్టన్ పట్టణమది.

2023 నవంబరు 14న మా అమ్మాయి, అల్లుడు కొలంబస్ నుండి మమ్మల్ని కారులో అక్కడికి తీసుకొనివెళ్ళారు. దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. దారి పొడుగునా ఆకులు రాల్చిన కొండలు. రైలు మార్గం వేయించిన కాలిస్ హంటింగ్టన్ పేరున 1871లో ఏర్పడిన ఊరు ఇది. బొగ్గు, రైలు, నది, ఈ మూడింటి మీద బ్రతికింది. 1837లో చిన్న బడిగా మొదలైన మార్షల్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నది.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే బంతాట కాదు. రెండు కొనలు తేలిన బంతిని చేతపట్టుకొని పరుగెత్తుతారు, లేదా ముందున్నవానికి విసురుతారు. పక్షానికి 11 మంది. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్లు, బంతి పట్టినవాణ్ణి అవతలివారు పడగొడతారు. అందుకే తలకు హెల్మెట్, భుజాలకు మెత్తలు కట్టుకొంటారు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. సెప్టెంబరు మొదలు నవంబరు వరకు, ముఖ్యంగా శనివారాలలో, కాలేజీ జట్ల పోటీలు జరుగుతాయి. ఆ రోజు ఊరంతా మైదానంలోనే ఉంటుంది.

1970 నవంబరు 14 కూడా శనివారమే. మార్షల్ జట్టు నార్త్ కరొలినాలో ఆడి, 17-14 తేడాతో ఓడి, ఆ రాత్రి విమానంలో ఇంటికి వస్తున్నది. వాన, మంచు. విమానాశ్రయం ఇంక దగ్గరే అనగా, విమానం కొండమీది చెట్లకు తగిలి కూలిపోయింది. అందులోని 75 మందిలో ఒక్కరూ మిగలలేదు. జట్టు కుర్రవాళ్ళు 37 మంది, శిక్షకులు, సిబ్బంది 8 మంది, ఊరి పెద్దలు, అభిమానులు 25 మంది, విమాన సిబ్బంది 5గురు. ఒక్క రాత్రిలో 70 మంది పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకొన్నారు. వారిలో 18 మందికి ఇద్దరూ లేకపోయారు. గుర్తుపట్టలేకపోయిన ఆరుగురు ఆటగాళ్ళను స్ప్రింగ్ హిల్ సమాధుల తోటలో ప్రక్కప్రక్కనే పెట్టారు. ఊరిమీద ఎత్తైన ఆ చోటికి మేము మొదట వెళ్ళాము.

ఇక ఆట మానివేయుటే మంచిదని అప్పట్లో కొందరు తలంచారు. కాని విద్యార్థులు ఒప్పుకొనలేదు. జాక్ లెంగ్యెల్ అనే శిక్షకుడు వచ్చాడు. ఆడేవారేరి? గాయం వలన ఆనాడు ప్రయాణం చేయని నేట్ రఫిన్ వంటి కొద్దిమంది మాత్రమే మిగిలారు. మొదటి సంవత్సరం విద్యార్థులను పెద్ద జట్టులో ఆడనివ్వని రోజులవి. మార్షల్‌కు ప్రత్యేకంగా అనుమతి లభించింది. ఇతర ఆటలవారిని కూడా చేర్చుకొన్నారు. వేరే పనిమీద కారులో వెళ్ళినందున బ్రతికిన సహాయ శిక్షకుడు రెడ్ డాసన్ ఆ ఒక్క సంవత్సరం తోడుండి, తరువాత ఆ పనే విడిచిపెట్టాడు.

1971 సెప్టెంబరులో మొదటి ఆట ఓడిపోయారు. 25వ తేదీన సొంత ఊరిలో జేవియర్ జట్టుతో రెండవ ఆట. అవతలివారు 13, వీరు 9. సమయం అయిపోతున్నది. రెజీ ఆలివర్ విసిరిన చివరి బంతిని టెర్రీ గార్డ్‌నర్ అందుకొని గీత దాటాడు. 15-13! జనం మైదానంలోకి వచ్చి, ఎంతసేపటికీ ఇళ్ళకు పోలేదట. అక్టోబరులో బౌలింగ్ గ్రీన్ జట్టు మీద 12-10తో మరొక గెలుపు. అంతే. ఆ సంవత్సరం మొత్తం రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు. తరువాతి కాలంలో 1992లో తమ విభాగంలో జాతీయ విజేతలయ్యారు. అయినా ఆ ఊరివారు ఆ రెండు గెలుపుల సంవత్సరాన్ని మరువలేదు.

విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక నీటి ఫౌంటెన్ ఉన్నది. హ్యారీ బెర్టోయా అనే శిల్పి చేసిన ఈ లోహపు కట్టడాన్ని 1972 నవంబరులో ప్రతిష్ఠించారు. మరణాన్ని కాక జీవాన్ని చూపాలని ఆయన ఉద్దేశం. ప్రతి నవంబరు 14న అక్కడ జనం కూడుతారు. 75 పేర్లు చదువుతారు. పిమ్మట నీటిని ఆపివేస్తారు. మరల వసంతంలోనే వదలుతారు.

మేమును ఆ జనంలో నిలిచాము. పేర్లు చదువుతుండగా చిన్నపిల్లలు కూడా మాట్లాడలేదు. నీళ్ళు ఆగిన తరువాతి నిశ్శబ్దం మాకు కొత్తది కాదు. మా పెద్దబ్బాయి పందొమ్మిదవ ఏట జ్వరంతో వెళ్ళిపోయాడు. వాని క్రికెట్ బ్యాటు ఇప్పటికీ మా బీరువా వెనుకనే ఉన్నది. వీధి పిల్లలు ఒకసారి అడిగితే మేము ఇవ్వలేదు. ఇస్తే వాణ్ణి మరచినట్లవుతుందని భయపడ్డాము.

ఈ ఊరివారు మరువలేదు. ఏటేటా పేర్లు చదువుతూనే ఉన్నారు. అయినా మరుసటి సంవత్సరమే పిల్లలను మైదానంలోకి పంపారు. ఓడిపోతారని తెలిసి కూడా పంపారు. తిరుగుదారిలో మేమిద్దరమూ చాలాసేపు మాట్లాడుకొనలేదు. నది వంతెన దాటిన తరువాత, "ఇంటికి వెళ్ళగానే ఆ బ్యాటు పిల్లలకు ఇచ్చేద్దాము" అన్న మాట మాలో ఒకరి నోట వచ్చింది. రెండవవారు కాదనలేదు.

ఇప్పుడు సాయంత్రాలు మా వీధిలో ఆ బ్యాటు చప్పుడు వినిపిస్తున్నది. మేము అరుగుమీద కూర్చొని వింటున్నాము.