పందెంలో లేనివాళ్ళు

వేలూరు దగ్గరి మా ఒడుగత్తూరులో పడవతో ఎవరికీ పని పడదు. ఊరి పక్కన ఉత్తర కావేరి ఉంది గానీ, జవ్వాది కొండల్లో గట్టి వాన కురిస్తేనే దానికి ప్రాణం. పాలారు సంగతి సరేసరి. పల్లికొండ దగ్గర వంతెన దాటే బస్సులోంచి చూస్తే ఇసుక, ముళ్ళతుమ్మ, మళ్ళీ ఇసుక. 2021 నవంబరులో మాత్రం పాలారు నిజంగా ఏరై పారింది. కౌండిన్య ఏరు పొంగి గుడియాత్తంలో గట్టు మీది ఇళ్ళలోకి దూరింది. ఆ నెల గురించి మావాళ్ళు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అలాంటి ఊరివాణ్ణి హైదరాబాదులో తెరచాప పడవల పందేలు చూడటానికి బయల్దేరితే, శుక్రవారం సంతలో మేకల బేరం ముగించుకుని వచ్చిన మా చిన్నాయనకు నవ్వొచ్చింది. "నీళ్ళే చూడనోడివి, పడవల్లో నీకేం తెలస్తాదిరా? పళ్ళు చూసి బేరం చేస్తావా?" అన్నాడు.

నిజానికి నేను పోయింది పడవల కోసం కాదు, అక్క కొడుకు కోసం. వాడు చిన్నప్పుడు హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ నడిపేవాడు. పదిహేనేళ్ళు నిండిన ఏడాది దాటితే ఆ పడవ పందేలకు పనికిరారు. వయసు దాటి చాలా కాలమైనా, ఏటా జూలై రాగానే క్లబ్బుకు పోయి పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళలో నానుతూనే ఉన్నాడని అక్క ఫోనులో ఫిర్యాదు. "పందెంలో లేడు, కప్పు రాదు, పైసా రాదు. ఎందుకు పోతాడో నువ్వొచ్చి అడుగు" అంది. కాట్పాడిలో రాత్రిపూట శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాటి మధ్యాహ్నానికి సికింద్రాబాదులో దిగాను.

హైదరాబాదులో పడవ పందేలకు రెండు గడపలు. ఒకటి పాతది, సైన్యం వాళ్ళది. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ కలిసి హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుపుతాయి. దేశంలోని పెద్ద పెద్ద సెయిలర్లు లేజర్ పడవలతో అక్కడికే వస్తారు. అక్కడ మనుషులకు కొదవ లేదు, ఆజ్ఞ ఇస్తే పని జరిగిపోతుంది. రెండోది యాచ్ట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్. సుహేమ్ షేక్ 2009లో మొదలుపెట్టారు. నాంది ఫౌండేషన్‌తో కలిసి బీదబస్తీల పిల్లలకు తెరచాప పట్టడం నేర్పిన క్లబ్బు ఇది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో జతగా 470 అనే రకం పడవ నడిపిన ప్రీతి కొంగర ఇక్కడినుంచి ఎదిగిన అమ్మాయే. ఈ క్లబ్బు ఏటా వానాకాలంలో జరిపే మాన్‌సూన్ రెగట్టా అనే పందేలకు దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చి పని చేయించేవాళ్ళు తక్కువ. అడిగి చేయించుకోవాలి. నాకు చూడాలనిపించింది ఈ రెండోదే.

పొద్దున సంజీవయ్య పార్కు పక్క నుంచి నడుస్తుంటే ముందు కనిపించింది జెండా. 2016 జూన్ 2న ఎగరేసిన ఆ జాతీయ జెండా కర్ర ఎత్తు 291 అడుగులు. మేనల్లుడు దాన్ని తలెత్తి చూసి "పైన గాలి బాగానే ఉంది మామా, కింద లేదు" అన్నాడు. నాకది దేశభక్తికి సంబంధించిన స్తంభం. వాడికి గాలి ఎటు వీస్తుందో చెప్పే పనిముట్టు. అంత ఎత్తున వీచే గాలి నీటి మట్టానికి దిగివచ్చేసరికి దిక్కు మారిపోవచ్చునట. చుట్టూ ఎత్తయిన మేడలు, గట్టు మీద చెట్లు, మధ్యలో బుద్ధుడి విగ్రహం. ఒక్కో మూల ఒక్కో రకం గాలి. ఆ బుద్ధుణ్ణి 1990 మార్చిలో తరలిస్తుంటే బార్జి ఒరిగి విగ్రహం నీటిపాలైంది, మనుషులూ చనిపోయారు. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1562 ప్రాంతాన కట్టిన చెరువు ఇప్పుడెంత మురికిదో హైదరాబాదు వాళ్ళకు నేను చెప్పక్కరలేదు. గాలి మనవైపు తిరిగినప్పుడు వాసన వస్తుంది. పిల్లలు ఆ నీళ్ళలోనే బోల్తా పడి, లేచి, ఉమ్మేసి, మళ్ళీ ఎక్కుతారు. బోల్తా పడటాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను.

ఆప్టిమిస్ట్ పడవ దాదాపు ఎనిమిది అడుగుల పెట్టె. ముక్కు కోసేసినట్టు మొండిగా ఉంటుంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల మనిషి, రెండు ప్లైవుడ్ పలకలతో పిల్లలకు చవగ్గా అందేలా గీశాడు. ఇప్పుడు ఫైబర్‌గ్లాసుతో చేస్తున్నారు. బరువు 35 కిలోలు. పదేళ్ళ పిల్ల ఒక్కతే దాన్ని ఎత్తలేదు, ట్రాలీ మీద పెట్టాలన్నా ఇంకో జత చేతులు కావాలి. అందుకే ఒడ్డున పిల్లలంతా ఒకరి పడవ ఒకరు మోసుకుంటూ తిరుగుతుంటారు. వాళ్ళలో వాళ్ళే ఇంకో గంటలో ఒకరినొకరు వెనక్కి తోసెయ్యబోయేవాళ్ళు.

నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో కాసేపు చర్చ జరిగింది. చివరికి లైఫ్ జాకెట్ తొడిగి, పందెం నడిపే కమిటీ పడవ ఎక్కించారు. ఒక చివర ఆ పడవ మీది నారింజ జెండా, ఇంకో చివర నీటిలో తేలే బోయా, ఈ రెంటి మధ్యా కనపడని గీత. అదే స్టార్ట్. స్టార్ట్‌కు అయిదు నిమిషాలు ఉండగా పడవల తరగతి జెండా లేస్తుంది, నాలుగు ఉండగా నీలం మధ్యలో తెల్ల చదరం ఉన్న జెండా లేస్తుంది. ఒక్క నిమిషం ఉండగా అది దిగుతుంది, సున్నాకు తరగతి జెండా దిగుతుంది. ప్రతిసారీ హారన్. జెండా తాడు పట్టుకున్నది ఒక ఇంజనీరింగు కుర్రాడు, గడియారం పట్టుకున్నది ఒక ఆవిడ. గీత వెంట కన్నుపెట్టి ఎవరు ముందే దాటారో చూడటం ఒక పెద్దాయన పని. ముగ్గురిలో ఎవరికీ జీతం లేదు. ఆ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముందు దాటినవాణ్ణి పట్టుకోవడం సులువే, దాటనివాణ్ణి దాటాడనకుండా ఉండటమే కష్టం" అన్నాడు.

ఆ పొద్దున మొదటి పందెం మొదలే కాలేదు. గాలి పడిపోయింది. ఎరుపు తెలుపు చారల జెండా ఎగరేశారు. వాయిదా అని అర్థం. యాభై పైచిలుకు తెరచాపలు నీళ్ళ మీద వేలాడుతూ ఉండిపోయాయి. పిల్లలు పడవల్లో పడుకున్నారు, కొందరు పాటలందుకున్నారు. రబ్బరు పడవల్లో తిరిగే కుర్రాళ్ళు వాళ్ళకు నీళ్ళ సీసాలు, అరటిపళ్ళు అందించారు. మేనల్లుడు ఆ పడవల్లో ఒకదాన్ని నడుపుతున్నాడు. గాలి దిక్కు మారితే బోయాల లంగర్లు ఎత్తి, కొత్త చోట వెయ్యాలి. తడిసిన తాడు లాగి లాగి వాడి అరచేతుల్లో చర్మం లేచిపోయి ఉంది.

ఆ ఎదురుచూపులో నాకు గుడియాత్తం శిరస్సు పండగ గుర్తొచ్చింది. తమిళ నెల వైకాసి ఒకటో తేదీన తెల్లవారుజామున తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరస్సు బయల్దేరుతుంది. జమదగ్ని ఆజ్ఞ మీద పరశురాముడు తెగనరికిన రేణుక తల అది. వీధి వీధీ తిరిగి, కౌండిన్య గట్టున గోపాలపురం గంగమ్మ గుడిలో ఇంకో స్త్రీ మొండేనికి అతుకుతుంది. జనం లక్షల్లో వస్తారు, కొబ్బరికాయల చిప్పలు కాళ్ళకింద నలుగుతాయి. శిరస్సును భుజాన మోసేవాళ్ళను అందరూ చూస్తారు. ముందురోజు రాత్రే తాళ్ళు కట్టి దారి చేసేవాళ్ళను, మజ్జిగ పందిట్లో తెల్లవార్లూ నిలబడేవాళ్ళను, మర్నాడు చిప్పలు ఊడ్చేవాళ్ళను ఎవరూ చూడరు. నేను కుర్రతనంలో ఆ మజ్జిగ పందిట్లో ఉండేవాణ్ణి. శిరస్సు పోతున్నప్పుడు నాకు కనిపించింది ఎప్పుడూ జనం వీపులే. అలాగని ఆ పని వదులుకుని ముందుకు తోసుకుపోయి చూడాలని ఏనాడూ అనిపించలేదు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఎదురుగాలికి పడవ తిన్నగా పోలేదు, వంకరటింకరగా అటొకసారి ఇటొకసారి తిరిగి పోవాలి. గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టిన పిల్ల గెలుస్తుంది, బలం కాదు. గాలి లేక తెరచాపను ఊపి, పడవను కుదిపి ముందుకు పోదామనుకునేవాళ్ళను పట్టుకోవడానికి జడ్జీలు పసుపు జెండా పట్టుకుని తిరుగుతుంటారు. మిగతా తప్పులకు మాత్రం నీళ్ళ మీద రెఫరీ ఉండడు. నాకు ఇదే అన్నింటికన్నా వింతగా తోచింది. ఎదుటి పడవకు దారివ్వాల్సిన చోట ఇవ్వకపోతే, తప్పు చేసినవాడే ఒప్పుకుని, తనంతట తాను పడవను రెండు చుట్లు తిప్పి పోవాలి. బోయాను తాకితే ఒక చుట్టు. నా కళ్ళ ముందే పన్నెండేళ్ళ పిల్లాడొకడు బోయాను తాకి, అడిగేవాళ్ళు లేకపోయినా, గిరుక్కున ఒక చుట్టు తిరిగాడు. అయిదుగురు దాటిపోయారు. క్రికెట్‌లో బ్యాటుకు బంతి తగిలిందని తలూపుతూ నడిచిపోయే ఆటగాడు ఎంత అరుదో మనకు తెలుసు. ఇక్కడ పన్నెండేళ్ళవాడికి అది రోజువారీ మర్యాద.

ఒప్పుకోకపోతే? ఎదుటివాడు వెంటనే "ప్రొటెస్ట్" అని కేక వెయ్యాలి. ఒడ్డుకొచ్చాక గడువులోపల కాగితం మీద రాసివ్వాలి. సాయంత్రం ఒక గదిలో ముగ్గురు పెద్దలు బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద బొమ్మ పడవలు, గాలి దిక్కు చూపే బాణం. ఫిర్యాదు చేసిన అమ్మాయి, ఎదుటి అబ్బాయి చెరోవైపు నిలబడి బొమ్మలు జరుపుతూ వాదించుకున్నారు. నన్ను కిటికీ బయట నిలబడనిచ్చారు. ఇద్దరూ తడి బట్టలతోనే ఉన్నారు. వాళ్ళ వాదన నాకు సగమే తెలిసింది. సాక్షిగా వచ్చిన మూడో పిల్ల చెప్పింది మాత్రం పూర్తిగా తెలిసింది. తను ఫిర్యాదుదారు స్నేహితురాలేనట, అయినా "అరుపు ఆలస్యంగా వినిపించింది" అంది. ఆ ఒక్క మాటతో ఫిర్యాదు చెల్లలేదు. ముగ్గురు పెద్దల్లో ఒకాయన రోజంతా ఇంటి పని మానుకుని ఇందుకోసమే వచ్చాడు, చీకటిపడేదాకా రెండోది, మూడోది అలా విచారిస్తూనే ఉన్నాడు. మన గ్రామ సభలకు ఆ ఓపిక ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను, బయటికి అనలేదు.

వేలూరు దగ్గరినుంచి వచ్చానని తెలిశాక నాకు కొంచెం గౌరవం పెరిగింది. అందుకు నా గొప్పతనం కారణం కాదు. టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెంటికీ పోయిన, హాంగ్‌ఝౌలో కంచు పతకం తెచ్చిన విష్ణు శరవణన్ వేలూరులో పుట్టినవాడు. సైన్యంలో ఎదిగాడు. పాలారు ఇసుకలో పుట్టినవాడు పడవల్లో ఇంతవాడయ్యాడని పిల్లలు నన్నే మెచ్చుకున్నట్టు చూశారు.

అక్క అడగమన్నది మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగాను. వాడు సాంబారన్నం కలుపుకుంటూ, "నాకు పదకొండేళ్ళప్పుడు బోల్తాపడి తాడులో కాలు చిక్కుకుంటే ఎవరో అన్న దూకి తీశాడు మామా. ఆయన పేరు కూడా తెలీదు. ఎవరో ఒకరు ఆ రబ్బరు పడవలో ఉండాలి కదా" అన్నాడు. ఇంకా ఏదైనా అంటాడేమోనని చూశాను. అప్పడం అడిగాడు, అంతే.

ఆఖరి రోజు మెడల్స్ ఇస్తున్నంతసేపూ క్లబ్బు కుర్రాళ్ళు అక్కడ లేరు. మురికి నీటికి తెరచాపలు పాడవుతాయని మంచినీళ్ళతో కడిగి ఆరేస్తున్నారు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి, చిరిగినవి పక్కన వేస్తున్నారు. బోయాలకు గాలి తీసి చుట్టేస్తున్నారు. ఇంకొన్ని వారాల్లో ఇదే చెరువులోకి వినాయకులు దిగుతారు, క్రేన్లు గట్టు మీద నిలబడతాయి. ఆ తరువాత నీళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. నిమజ్జనం వద్దని అక్కడెవరూ అనలేదు. చెరువు మీద అందరి హక్కూ ఉంటే, శుభ్రం చెయ్యడం మాత్రం కొందరి పని ఎందుకవ్వాలో నాకైతే అర్థం కాలేదు.

అంతకుముందు, ఆ రోజు పందేల్లో నాకూ ఒక పని దొరికింది. గీత దాటే తెరచాపల నంబర్లను ఒకావిడ గట్టిగా చదువుతుంటే, వరసగా కాగితం మీద రాయాలి. మొదటివాడికి ఒక పాయింటు, రెండోవాడికి రెండు. మొత్తం ఎవరికి తక్కువైతే వాళ్ళే విజేత. పది పడవలు ఒక్కసారి దూసుకొస్తే తలెత్తే తీరిక ఉండదు. ఎవరు గెలిచారో అంతా అయ్యాక నా కాగితం చూసే తెలుసుకున్నాను. రైలుకు బయల్దేరుతుంటే ఆవిడ, "మీ చేతిరాత బాగుందండీ, వచ్చే ఏడు కూడా మీరే రాయాలి" అంది. గుడియాత్తంలో కూడా చందా రసీదులు నాచేతే రాయించేవాళ్ళు. జూలై అయితే ఇబ్బంది లేదు, వైకాసి అప్పటికి అయిపోయి ఉంటుంది కాబట్టి సరేనన్నాను.