పాపాన్ నర్సమ్మ

ప్రమోషన్ వచ్చినా, ఇల్లు కొన్నా సాక్ష్యం చెబుతాం. మంచిదే. కానీ అందులో దేవుడి పేరు కన్నా మన పేరే ఎక్కువ వినిపిస్తే నాకు మలేషియాలో ఇపో దగ్గరి పాపాన్ ఊరు గుర్తొస్తుంది. జపాన్ ఆక్రమణ కాలంలో అక్కడ సిబిల్ కాతిగాసు అనే కాథలిక్ నర్సు, డాక్టరైన భర్తతో కలిసి, గాయపడిన గెరిల్లాలకు రహస్యంగా వైద్యం చేసింది. 1943లో జపాన్‌వాళ్లు ఆమెను పట్టుకున్నారు. చిత్రహింసలు పెట్టారు. చిన్న కూతుర్ని కళ్ళెదుటే మంట మీద వేలాడదీశారు. అయినా ఆ తల్లి ఎవరి పేరూ చెప్పలేదు! 1947లో జార్జ్ మెడల్ అందుకుంది, 1948లో ఆ దెబ్బల వల్లే కన్నుమూసింది.

ఈ ఆదివారం సాక్ష్యానికి లేచేముందు, ప్రభువు కోసం మనం ఏం వదులుకున్నామో ఒక్కసారి ఆలోచిద్దాం.