వినిపించని పుట

గుప్తదానమే ఉత్తమమని పెద్దలు చెప్పారు. అయితే నలుగురి చేయూతతో నడిచే చిన్న సేవాసంస్థకు తానెవరో, ఏమి చేస్తున్నదో లోకానికి చెప్పుకోక తప్పదు. గోదావరి తీరంలోని ఒక పట్టణంలో, అంధ విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను చదివి ధ్వనిముద్రణ చేసి అందించే సంస్థకు అటువంటి అవసరమే కలిగింది. రెండు గదుల కార్యాలయం, కొద్దిమంది స్వచ్ఛంద పాఠకులు, ఒక పాత కంప్యూటరు - దాని ఆస్తి అంతే. వెబ్‌సైటును రూపొందించే బాధ్యతను, పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు అక్కడ పాఠాలు చదివే ఒక యువతి స్వీకరించింది. వ్రాతపనిని కార్యదర్శి అయిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేపట్టారు.

ఆయన వ్రాసిన కరపత్రం అచ్చుపనికి వాడే పాత ఫాంటులో ఉంది. అటువంటి ఫాంటులో అక్షరం కంటికి మాత్రమే తెలుగు. కంప్యూటరుకు అది రోమన్ లిపి సంకేతం. వెబ్‌పుటలోకి తేగానే వాక్యాలన్నీ అర్థంలేని గుర్తులైపోయాయి. మళ్ళీ టైపు చేసే తీరిక లేక, ఆమె కరపత్రం పుటలనే బొమ్మలుగా మార్చి అమర్చింది. చూడడానికి సొగసుగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు.

మరునాడు ఒక డిగ్రీ విద్యార్థి ఆ పుటను తెరిచాడు. తెరమీది అక్షరాలను పైకి చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ అతనికి కొత్త కాదు. 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభమైన ఆ సాధనం ఉచితంగా లభిస్తుంది. అది "బొమ్మ, బొమ్మ" అని పలికి ఊరుకుంది.

"అక్కా, ఇందులో ఏమీ వ్రాయలేదా?" అని అతను అడిగాడు.

ఆమె సమాధానం చెప్పలేకపోయింది. ఎవరి కోసం సంస్థ వెలసిందో వారికే ఆ వాకిలి మూసుకుపోయింది. తెలుగు లిపికి యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, చోటు దక్కింది. వెబ్‌పుటలోని ప్రతి బొమ్మకూ మాటలలో వివరణ ఉండాలని 1999నాటి తొలి అంతర్జాతీయ మార్గదర్శకాలే సూచించాయి. సాధనాలు లేక కాదు, తలపు లేక జరిగిన పొరపాటు అది.

ఆ రాత్రి నుంచి ఆమె కరపత్రాన్ని యూనికోడ్‌లో తిరిగి టైపు చేయసాగింది. ఛాయాచిత్రాలకు వివరణ వ్రాసే దగ్గర చేయి ఆగింది. కార్యదర్శి పెట్టిన శీర్షిక "అంధకారంలో మగ్గుతున్న అభాగ్యులు". కంప్యూటరు ఆ మాటను ఆ విద్యార్థి ఎదుటనే బిగ్గరగా పలుకుతుంది కదా!

"మాస్టారూ, ఈ మాట తీసేద్దామండీ" అన్నదామె.

"జాలి కలగకపోతే చందాలెలా వస్తాయమ్మా?" అన్నారాయన. ఆయన ఆందోళన అకారణం కాదు; గది అద్దె బాకీ ఉంది.

చాలాసేపు చర్చించుకున్నారు. చివరికి ఆ శీర్షిక స్థానంలో "బ్రెయిలీ పుటపై వేళ్ళు కదుపుతూ పాఠం వింటున్న విద్యార్థి" అన్న వాక్యం చేరింది. ఒక పుస్తకం ధ్వనిముద్రణకు ఎంత శ్రమ, ఎంత వ్యయం అవుతాయో, ప్రతి రూపాయి ఎక్కడికి వెళుతుందో దాతలకు తెలిసేలా మాస్టారు స్వయంగా వ్రాశారు. విద్యార్థుల కోసం వేరొక పుట వెలసింది. పరీక్షలో సహాయ లేఖకుని కోసం దరఖాస్తు చేసే విధానం అందులో ఉంది. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలు పేర్కొన్న సంగతి కూడా ఉంది.

పని ముగిశాక మొదటి పరీక్ష ఆ విద్యార్థిదే. అతను చివరిదాకా శ్రద్ధగా విని, నవ్వాడు.

"అక్కా, మన ఫోను నంబరును తొమ్మిది వందల కోట్లని చదువుతోంది. ఇక చందాలెందుకు?"

మాస్టారు కూడా నవ్వారు. ఆమె నంబరులోని అంకెలను విడివిడిగా వ్రాసి, మళ్ళీ వినమని అతనికి కుర్చీ జరిపింది.