దూప

పొద్దుగాల లింగంపేట బస్టాండ్ల ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడ్డం. అక్క బిడ్డ చేతిల ‘ది హేట్ యు గివ్’. ఆంజీ థామస్ 2017ల రాసిన నవల.

“మామా, ఇండ్ల స్టార్ అని నల్లజాతి పిల్ల. 12 ఏండ్లకే అమ్మానాయన నేర్పుతరు. పోలీసులు ఆపితే చేతులు కనవడేటట్టు పెట్టాలె, ఎదురు మాట్లాడొద్దని. పాపం కదా!”

నేనేం అనలే.

మా అమ్మ నాకు గంతకంటె చిన్నప్పుడే నేర్పింది. పెద్దోళ్ల వాకిట్ల దూపైనా నీళ్లడగకు. వాళ్లే పోస్తమంటే చెంబు ముట్టకు, దోసిలి పట్టు.
ఎంత వంగాల్నో గూడ చూపిచ్చింది, కొంగు నడుముకు చెక్కి.

ఇది పిల్లకు ఎన్నడు చెప్పలే. మన తాడ్వాయి గురుకులంల చదివిన పూర్ణ 2014ల, 13 ఏండ్లకే ఎవరెస్టు ఎక్కిన ముచ్చటైతే వందసార్లు చెప్పిన. (గొప్పలు చెప్పుడు అల్కగ.)

“మనోళ్ల పిల్లల మీద ఇసొంటి నవల లేదా మామా?”

గోగు శ్యామల కథలు యాదికొచ్చినయ్. పదో తరగతి పిల్ల బస్సుల కూసొని చదివే నవల మాత్రం తట్టలే.

మీకేమన్న తెలిస్తే కింద రాయుండ్రి. పోస్టుల తెప్పిస్త.
మీ అమ్మలు ఏం నేర్పిండ్రో గూడ.